కాగితంలో లేని యజమాని

గోదావరి తెలంగాణ గడ్డ మీద అడుగుపెట్టే చోటు కందకుర్తి. నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని ఈ ఊరి దగ్గరే మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. హరిద్రను కూడా లెక్కలోకి తీసుకుని జనం దీన్ని త్రివేణి సంగమం అంటారు. బోధన్, నిజామాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ఇది పుష్కరాల రేవు, అస్థికలు కలిపే రేవు, పెద్దలకు పిండం పెట్టే రేవు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. 1956 దాకా రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోవే. ఊరు విడిచి వెళ్లినవాళ్ల కథలు కూడా ఇక్కడ కొత్త కాదు. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ స్థాపకుడు కేశవ బలిరాం హెడ్గేవార్ పూర్వీకులది ఈ ఊరే. ఆ కుటుంబం కొన్ని తరాల కిందట నాగపూర్ వెళ్లి స్థిరపడింది.

చనిపోయినవాళ్లకు ఈ రేవులో ఒక పద్ధతి ఉంది. బతికున్నాడో లేడో తెలియని మనిషికి మాత్రం ఏ రేవులోనూ పద్ధతి దొరకదు. గల్ఫ్ వలస మొదలయ్యాక ఈ ప్రాంతపు కుటుంబాలకు ఈ చిక్కు ఎదురుపడుతూనే ఉంది. అక్కడ యుద్ధమో తిరుగుబాటో వచ్చినప్పుడల్లా ఫోన్లు ఆగిపోతాయి, ఉత్తరాలు రావు, మనిషి ఎక్కడున్నాడో చెప్పేవాడు ఉండడు. అప్పుడు మొదలయ్యే వెతుకులాటకు ఒక చరిత్ర ఉంది. దాన్ని 1990 నాటి కువైట్ సంక్షోభం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను చెప్పదలచింది ఒక్కటే. పరదేశంలో తప్పిపోయిన మనిషిని వెతకడమంటే మొదట అతని పేరున్న కాగితాన్ని వెతకడం. కూలీగా వెళ్లినవాడి పేరు ఏదో ఒక కాగితంలో దొరుకుతుంది. కష్టపడి పైకొచ్చి చిన్న దుకాణం పెట్టుకున్నవాడి పేరు చాలాసార్లు ఏ కాగితంలోనూ ఉండదు. ఎదిగినకొద్దీ అతని ఆచూకీ కష్టమవుతుంది.

చెరకు నేల నుంచి ఎడారికి

మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. దాని రూపకర్త ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువల కింద బోధన్ నేల చెరకు నేలగా మారింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ ఏర్పడ్డ బస్తీకి శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దీన్ని చెప్పుకునేవారు. కాలువ నీళ్లను చూసి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. అంటే బోధన్ ప్రాంతం మొదట వలస వచ్చినవాళ్లను నిలుపుకున్న ప్రాంతం.

కాలువ చివరికి నీరందని ఊళ్లు, వానను నమ్ముకున్న మెట్ట భూములు, ఫ్యాక్టరీలో చోటు దొరకని పిల్లలు, ఇవన్నీ కలిసి ఇంకో దారి వేశాయి. 1970ల చమురు ధరల పెరుగుదలతో గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు బొంబాయి మీదుగా విమానం ఎక్కారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో వలసను మూడు ముక్కల్లో చెప్పుకోవడం అలా స్థిరపడింది. ఇక్కడ దుబాయి అంటే ఒక్క నగరం కాదు. మస్కట్, కువైట్, సౌదీ, ఇరాక్ అన్నీ అందులోకే వస్తాయి.

వలసను అదుపు చేయడానికి కేంద్రం 1983లో ఎమిగ్రేషన్ చట్టం తెచ్చింది. ఇది 1922 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. కూలీకి పని ఇచ్చే యజమాని ఎవరు, జీతం ఎంత, ఏజెంటు ఎవరు అన్న వివరాలు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చూసి పాస్‌పోర్టు మీద ముద్ర వేయాల్సి ఉండేది. లోపాలు ఎన్ని ఉన్నా ఈ ఏర్పాటు వల్ల ఒక మేలు జరిగింది. ఏ కూలీ ఏ కంపెనీకి వెళ్లాడో ఒక చోట రాసి ఉంది.

అద్దెకు తీసుకున్న లైసెన్సు

అందరూ కూలీలుగానే మిగిలిపోలేదు. కొన్నేళ్లు పనిచేశాక కొంతమంది సొంతంగా ఏదో మొదలుపెట్టారు. తోటి కూలీలకు వండిపెట్టే మెస్సు, దర్జీ దుకాణం, చిన్న కిరాణా, సామాను చేరవేసే పికప్ వ్యాన్, నలుగురు మేస్త్రీలను కూడగట్టి చేసే కంట్రాక్టు. ఊళ్లో వాళ్లు ఇలాంటివాణ్ణి సేటు అనడం మొదలుపెడతారు.

ఆ సేటుకు అక్కడి చట్టంలో చోటు లేదు. కువైట్ 1980లో చేసిన వాణిజ్య చట్టం, అంటే 68వ నంబరు చట్టం, 23వ అధికరణం ప్రకారం కువైటీ భాగస్వామి లేకుండా పరాయి దేశస్థుడు వ్యాపారం చేయకూడదు. పెట్టుబడిలో కనీసం 51 శాతం కువైటీలదే అయి ఉండాలి. ఆచరణలో దీనికి ఒక అడ్డదారి పుట్టింది. లైసెన్సు కువైటీ పేర తీస్తారు. అతనికి నెలకో ఏడాదికో ఇంత అని ముట్టజెప్పి వ్యాపారం మొత్తం పరాయి దేశస్థుడే నడుపుకుంటాడు. పెట్టుబడి ఇతనిది, సరుకు ఇతనిది, అప్పులు ఇతనివి. దుకాణం గోడకు వేలాడే లైసెన్సు మీద పేరు మాత్రం వేరొకరిది. ఇద్దరి మధ్యా చాలాసార్లు నోటిమాటే ఒప్పందం.

అతని నివాస అనుమతి కూడా అతనికి పూచీ పడే కువైటీ, అంటే కఫీల్ చేతిలోనే ఉంటుంది. అకామా అనే ఆ అనుమతి పత్రం మీద డ్రైవరనో వంటవాడనో పనివాడనో రాసి ఉంటుంది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటుంది. డబ్బు ఇంటికి బ్యాంకు బయట హుండీలో వస్తుంది కాబట్టి బ్యాంకు రశీదు కూడా ఉండదు. బోధన్‌లో అతని ఇల్లు పెద్దదవుతున్న కొద్దీ కువైట్‌లో అతని చట్టబద్ధమైన ఉనికి చిన్నదవుతూ వచ్చింది. శాంతి ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టలేదు.

1990 ఆగస్టు

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సేనలు కువైట్‌లోకి ప్రవేశించాయి. ఆగస్టు 6న భద్రతామండలి 661వ తీర్మానంతో ఇరాక్ మీద ఆంక్షలు విధించింది. ఆగస్టు 28న కువైట్ తన 19వ రాష్ట్రమని ఇరాక్ ప్రకటించుకుంది. అప్పటికి కువైట్‌లో లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులు ఉన్నారు. తెలుగువాళ్లలో కడప, తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువ. నిజామాబాద్, కరీంనగర్ వాళ్లూ ఉన్నారు.

కువైట్‌తో టెలిఫోను సంబంధాలు తెగిపోయాయి. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఇంటింటికీ ఫోను లేదు. ఊరికొక ఫోను ఉంటే ఆ ఇంటివాళ్లు కబురు పెట్టి పిలవాలి. ఎస్టీడీ బూత్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి. రేడియో వార్తలు, పత్రికలు, బొంబాయిలో ఉన్న బంధువు, ఇవే ఆధారాలు. తిరిగొచ్చిన మనిషి ఎవరైనా ఫలానా ఊళ్లో దిగాడని తెలిస్తే చుట్టుపక్కల పది ఊళ్ల వాళ్లు అతని గడపకు చేరేవారు. వాళ్ల చేతుల్లో ఫొటోలు ఉండేవి. అడిగేది ఒకే ప్రశ్న: మావాణ్ణి ఎక్కడైనా చూసినవా?

విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ ఆగస్టు మూడో వారంలో బాగ్దాద్ వెళ్లి సద్దాం హుసేన్‌ను కలిశారు. సద్దాంను ఆయన ఆలింగనం చేసుకున్న ఫొటో ప్రపంచమంతా చూసింది, విమర్శలూ వచ్చాయి. కానీ భారతీయులు బయటికి రావడానికి దారి ఆ భేటీతో తెరుచుకుంది. కువైట్‌లోని రాయబార కార్యాలయాలను మూసేయాలని ఇరాక్ గడువు పెట్టడంతో మన కార్యాలయం బస్రాకు మారింది. కువైట్‌లో మిగిలినవాళ్లకు అండగా నిలిచింది ఎక్కువగా అక్కడి భారతీయ సమాజమే. మథున్ని మాథ్యూస్ వంటి వ్యాపార ప్రముఖులు ముందుకొచ్చి జనాన్ని ఒక చోట చేర్చారు, తిండి చూశారు, బస్సులు కుదిర్చారు, పేర్ల జాబితాలు రాశారు. వెతుకులాట చరిత్రలో ఆ జాబితాలకు గొప్ప స్థానం ఉంది. ప్రభుత్వ దస్త్రం చేరని చోట సాటి మనిషి చేతిరాత దస్త్రమైంది.

కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దులో రువైషిద్, చివరికి అమ్మాన్. వేసవి ఎండలో ఇది వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. సరిహద్దు దగ్గర రెండు దేశాల మధ్య ఎవరిదీ కాని నేల మీద గుడారాల్లో వేలాది మంది ఆసియా కార్మికులు రోజుల తరబడి వేచి ఉన్నారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు ఆగస్టు 13న మొదలై అక్టోబర్ 11 దాకా నడిచాయి. 488 విమానాల్లో 1,11,711 మందిని తెచ్చారు. పౌర విమానాలతో జరిగిన అతి పెద్ద తరలింపుగా ఇది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

అంత పెద్ద తరలింపులో ఒక్క మనిషి ఆచూకీ ఎలా తప్పిపోతుంది? కారణాలు ఒకటి కాదు.

మొదటిది పాస్‌పోర్టు. కఫీల్ పారిపోయాడు, పాస్‌పోర్టు అతని బీరువాలోనే ఉండిపోయింది. అలాంటివాళ్లకు మన అధికారులు తాత్కాలిక ప్రయాణ పత్రాలు ఇచ్చారు. ఆ పత్రం మీద పేరు మనిషి నోటితో చెప్పినట్టు రాసింది. పాత పాస్‌పోర్టు మీద పేరుతో అది కలవాలన్న నియమం లేదు.

రెండోది పేరే. మన దగ్గర ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పాస్‌పోర్టులో అది తిరగబడుతుంది. అరబ్బీ లిపిలోకి వెళ్లేసరికి పోశెట్టి బోశెట్టి అవుతాడు, ఎందుకంటే ఆ లిపిలో పకారం లేదు. గంగారాం, సాయిలు, రాజన్న వంటి పేర్లు ఒక్కో జాబితాలో పదేసి ఉంటాయి. తండ్రి పేరు, ఊరి పేరు లేకపోతే ఎవరు ఎవరో తేల్చడం అసాధ్యం.

మూడోది దారి. అందరూ అమ్మాన్ మీదుగా రాలేదు. సఫీర్ అనే సరుకు ఓడ 722 మంది భారతీయులతో కువైట్ నుంచి దుబాయ్ చేరింది. అలా వేరే దారిన వెళ్లినవాడి పేరు కోసం అమ్మాన్ జాబితాలు ఎన్నిసార్లు తిరగేసినా దొరకదు.

నాలుగోది అన్నిటికంటే బలమైంది. కూలీకి వెనక వదిలేసి రావడానికి నెల జీతం బాకీ ఉంటుంది. దుకాణదారుకు దుకాణమే ఉంటుంది. సరుకు, రావలసిన బాకీలు, వ్యాను, ఇచ్చిన అడ్వాన్సు, ఇవన్నీ వదిలి బస్సెక్కడం తేలిక కాదు. పరిస్థితి నాలుగు రోజుల్లో చక్కబడుతుందన్న ఆశ ఆక్రమణ మొదటి వారాల్లో చాలామందికి ఉంది. కొన్ని వేలమంది భారతీయులు యుద్ధం ముగిసేదాకా కువైట్‌లోనే ఉండిపోయారు. వాళ్లలో ఎవరు దుకాణం కోసం ఆగారో, ఎవరు కదల్లేక ఆగారో, ఎవరు నిర్బంధంలో ఉన్నారో ఇక్కడి కుటుంబానికి తెలిసే మార్గం లేదు. కంపెనీ కూలీ కోసం కంపెనీని అడగవచ్చు. దుకాణదారు కోసం ఎవరిని అడగాలి? లైసెన్సు మీద పేరున్న కువైటీ ఆ సమయానికి సౌదీలోనో లండన్‌లోనో తలదాచుకుంటున్నాడు.

వచ్చినవాళ్లు బొంబాయి సహార్ విమానాశ్రయంలో దిగారు. అక్కడి నుంచి మన్మాడ్, నాందేడ్ మీదుగా మీటర్‌గేజ్ రైలులో బాసర వంతెన దాటి నిజామాబాద్ చేరాలి. ఒంటి మీద బట్టలు, చేతిలో ఒక సంచి. చాలామంది చేతిలో ఉన్న డబ్బుకు అప్పటికే విలువ పోయింది.

రద్దయిన నోటు

ఆ డబ్బు సంగతి విడిగా చెప్పాలి. ఇరాక్ మొదట కువైట్ దినార్‌ను తన దినార్‌తో సమానమని ప్రకటించింది, తర్వాత దాన్ని చలామణి నుంచే తొలగించింది. బహిరంగ మార్కెట్లో ఈ రెండింటి విలువకు పొంతనే లేదు కాబట్టి ఒక్క ఉత్తర్వుతో పొదుపు ఆవిరైంది. ఇరాక్ ఆక్రమణ నుంచి విముక్తి దొరికాక 1991 మార్చిలో కువైట్ ప్రభుత్వం కొత్త నోట్లు విడుదల చేసి పాతవి రద్దు చేసింది. ఇరాక్ సేనలు ఎత్తుకుపోయిన వరుసల నోట్లకు విలువే లేకుండా చేసింది. బ్యాంకుల్లో కాకుండా గల్లాపెట్టెలో డబ్బు దాచుకున్న చిన్న వ్యాపారికి ఇది రెండు వైపులా దెబ్బ.

తెలుగువాళ్లు ఇలాంటిదాన్ని అంతకుముందే చూశారు. 1964 మార్చిలో బర్మాలో జనరల్ నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది. మే 17న 50, 100 చాట్ల నోట్లను రద్దు చేసింది. తరాల తరబడి రంగూన్‌లో వ్యాపారం చేసుకున్న కుటుంబాలు కట్టుబట్టలతో ఓడలెక్కాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తుగా నేటికీ ఉంది. అంతకుముందు 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైనప్పుడు లక్షల మంది భారతీయులు అరకాన్, మణిపూర్ దారుల్లో కాలినడకన వచ్చారు. దారిలో పదుల వేల మంది చనిపోయారు. ఆ అడవుల్లో రాలిపోయిన తెలుగువాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ లేవు. రంగూన్ ఓడరేవు కూలీల ముఠా మేస్త్రీ దగ్గర తన మనుషుల పేర్లు ఉండేవి. మేస్త్రీయే దారిలో పోతే ఆ పేర్లూ అతనితో పోయేవి. రంగూన్‌కూ కువైట్‌కూ మధ్య అర్ధశతాబ్దం దూరం ఉన్నా మన ప్రవాస వ్యాపారి బలహీనత ఒకటే. అతని సంపద ఆ దేశపు ప్రభుత్వం మాట మీద, పరాయి మనిషి పేరు మీద నిలబడింది.

యుద్ధం తర్వాతి లెక్క

1991 ఏప్రిల్ 3న భద్రతామండలి 687వ తీర్మానం చేసింది. ఆక్రమణ వల్ల కలిగిన నష్టానికి ఇరాక్ బాధ్యత వహించాలని అందులో ఉంది. దాని కింద జెనీవాలో ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ఏర్పడింది. సుమారు వంద ప్రభుత్వాల ద్వారా 27 లక్షల దాకా క్లెయిములు వచ్చాయి. కోరిన మొత్తం 35 వేల కోట్ల డాలర్లకు పైన, మంజూరైంది 5,240 కోట్ల డాలర్లు. ఆఖరి చెల్లింపు 2022 జనవరిలో జరిగింది. ఒక యుద్ధపు లెక్క ముగియడానికి మూడు దశాబ్దాలు పట్టింది. మన దేశంలో ఈ దరఖాస్తులను విదేశాంగ శాఖలోని ప్రత్యేక కువైట్ విభాగం చూసింది.

ఈ సంఘం చేసిన మంచి పని ఏమిటంటే పేదవాణ్ణి ముందు నిలబెట్టడం. క్లెయిములను తరగతులుగా విడదీసి, ‘ఏ’ తరగతి కింద దేశం విడిచి రావలసి వచ్చినవాడికి పెద్ద రుజువులు అడగకుండా స్థిర మొత్తం ఇచ్చారు. ఒంటరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. వేరే తరగతిలో ఏమీ అడగనివాళ్లకు 4,000, 8,000. బీ తరగతి మరణానికి, తీవ్ర గాయాలకు. లక్ష డాలర్ల లోపు వ్యక్తిగత నష్టాలకు సీ తరగతి, అంతకు మించితే డీ. తొలి చెల్లింపులు 1994లో బీ తరగతితో మొదలయ్యాయి.

చిక్కు వ్యాపార నష్టాల దగ్గర వచ్చింది. ఒకే దుకాణానికి ఇద్దరు క్లెయిము వేశారు. లైసెన్సుదారైన కువైటీ కంపెనీ తన పేర వేసింది. నడిపిన పరాయి దేశస్థుడు వ్యక్తిగా వేశాడు. జెనీవా ప్యానెళ్లు ఈ అద్దె లైసెన్సుల ఏర్పాటును ఒక సమస్యగా గుర్తించి, అసలు పెట్టుబడి ఎవరిది, లాభనష్టాలు ఎవరివి అని విడదీసి చూశాయి. అద్దె రశీదులు, సరఫరాదారుల ఉత్తరాలు, సాక్షుల వాంగ్మూలాలు తెచ్చినవాళ్లకు కొంత న్యాయం దొరికింది. కానీ ఆ సాక్ష్యం చెప్పవలసింది బతికి వచ్చిన యజమాని. అతనే లేకపోతే బోధన్ దగ్గరి పల్లెలో ఉన్న భార్య ఏ కాగితం చూపించాలి? దుకాణం ఏ వీధిలో ఉందో కూడా ఆమెకు తెలియదు. భర్త పంపిన ఫొటోలో వెనక కనిపించే బోర్డు అరబ్బీలో ఉంది.

తప్పిపోయినవాళ్ల కోసం ఇంకో ఏర్పాటు కూడా 1991లోనే జరిగింది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ అధ్యక్షతన త్రైపాక్షిక సంఘం ఏర్పడింది. ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అందులో సభ్యులు. ఆరు వందలకు పైగా మనుషుల పేర్లు దాని ముందుకు వచ్చాయి. 1999లో భద్రతామండలి 1284వ తీర్మానంతో దీనికోసం ప్రత్యేక సమన్వయకర్త పదవిని ఏర్పాటు చేసింది. 2003లో సద్దాం పాలన కూలాక ఇరాక్ ఎడారిలో సామూహిక సమాధులు బయటపడి వందల మంది గుర్తింపు తేలింది. కువైట్ తన మనుషులను వదిలిపెట్టలేదు. ప్రతి పేరుకూ ఒక ఫైలు, ప్రతి ఫైలుకూ ఒక కుటుంబం, ప్రతి కుటుంబం నుంచి రక్త నమూనా. ఒక చిన్న దేశం పట్టుదలతో ఏం చేయగలదో దీన్ని చూసి నేర్చుకోవాలి.

ఎదురుచూపుకు ఎన్నేళ్లు?

మనిషి జాడ తెలియనప్పుడు చట్టం ఒక గడువు పెడుతుంది. భారత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం, బతికి ఉంటే సహజంగా కబురు తెలియవలసినవాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అన్నవాళ్ల మీద పడుతుంది. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఈ నియమం కొనసాగింది. 1990 ఆగస్టులో ఆగిన కబురుకు గడువు 1997 ఆగస్టుతో తీరుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చనిపోయాడని ఊహించవచ్చు గానీ ఎప్పుడు చనిపోయాడన్నది ఊహించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2004లో ఒక జీవిత బీమా కేసులో తేల్చింది. అంటే ఆ ఏడేళ్లూ ప్రీమియం కడుతూ ఉండాలి. సంపాదించేవాడే తప్పిపోయిన ఇంట్లో ప్రీమియం ఎవరు కడతారు?

వివాహ విషయంలో హిందూ వివాహ చట్టం కూడా ఏడేళ్లే అంటుంది. ముస్లిం స్త్రీకి 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం నాలుగేళ్లు పెట్టింది. దాని వెనక పెద్ద చర్చ ఉంది. హనఫీ సంప్రదాయంలో తప్పిపోయిన భర్త కోసం భార్య అతని ఈడువాళ్లు అందరూ గతించేదాకా ఎదురుచూడాలి. ఈ కష్టం చూసిన ఉలేమా మాలికీ సంప్రదాయంలోని నాలుగేళ్ల గడువును ఒప్పుకున్నారు, చట్టం దాన్ని స్వీకరించింది. డిక్రీ వచ్చాక కూడా అది ఆరు నెలలదాకా అమలులోకి రాదు. ఆలోగా భర్త తిరిగొస్తే డిక్రీ పక్కన పెడతారు. హిందువులూ ముస్లింలూ కలిసి బతికే బోధన్ వంటి ఊళ్లో ఒకే విమానంలో వెళ్లి ఒకే యుద్ధంలో తప్పిపోయిన ఇద్దరి భార్యలకు చట్టం వేర్వేరు గడువులు చూపింది.

ధర్మశాస్త్రం గడువు ఇంకా ఎక్కువ, సాధారణంగా పన్నెండేళ్లు. అది గడిచాక ప్రతికృతి దహనం చేస్తారు. జింక చర్మం పరిచి దాని మీద 360 మోదుగ కాడలను మనిషి ఆకారంలో పేరుస్తారు. ఏ అవయవానికి ఎన్ని కాడలో లెక్క ఉంది. తల ఉండవలసిన చోట కొబ్బరికాయ పెడతారు. ఆ బొమ్మకు శవానికి చేసే సంస్కారాలన్నీ చేసి నిప్పంటిస్తారు. ఆ తర్వాతే రేవులో పిండం. మోదుగ తెలంగాణ పల్లెకు దగ్గరి చెట్టు. అడవిలో తెచ్చిన ఆ కాడలు పరాయి దేశంలో పోయిన దేహానికి బదులు నిలబడతాయి. ఇంత జరిగాక మనిషి తిరిగొస్తే ఏం చేయాలో కూడా ధర్మశాస్త్ర నిబంధాలు ఆలోచించాయి. అతణ్ణి నేతితో స్నానం చేయించి, జాతకర్మ నుంచి సంస్కారాలు మళ్లీ జరిపించి, అదే భార్యతో మళ్లీ పెళ్లి చేయాలి. గడువు పెట్టినవాళ్లే తిరిగి వచ్చే దారిని కూడా తెరిచి ఉంచారు. ఆధునిక చట్టం కంటే ఈ ఒక్క చోట పాత శాస్త్రానికి మనసు ఎక్కువ ఉందనిపిస్తుంది.

1990లో ఆగిన కబురుకు పన్నెండేళ్లు 2002లో నిండాయి. అదే ఏడు నిజాం చక్కెర ఫ్యాక్టరీ ప్రభుత్వ చేతుల్లోంచి ప్రైవేటు భాగస్వామ్యానికి మారింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఊళ్లో పని తగ్గినకొద్దీ విమానం ఎక్కేవాళ్లు పెరిగారు, వెళ్లే దేశాల్లో అల్లకల్లోలం మాత్రం తగ్గలేదు.

మోసుల్ నేర్పినది

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ తర్వాత ఎనిమిది రోజులకు ఇరాక్‌లో మోసుల్ నగరం ఐసిస్ వశమైంది. అక్కడ నిర్మాణ కంపెనీలో పనిచేస్తున్న 40 మంది భారతీయులు బందీలయ్యారు. ఒకరు తప్పించుకుని బయటపడ్డారు. మిగిలిన 39 మంది పంజాబ్, హిమాచల్ ప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ వాళ్లు. దాదాపు నాలుగేళ్లు వాళ్ల కుటుంబాలు ఆశకూ నిరాశకూ మధ్య నలిగాయి. చివరికి బదూష్ దగ్గర ఒక దిబ్బ కింద ఉన్న సమాధిని రాడార్‌తో గుర్తించి తవ్వారు, డీఎన్ఏ పరీక్షలు చేశారు. 2018 మార్చి 20న విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ రాజ్యసభలో వాళ్లు చనిపోయినట్టు ప్రకటించారు. ఏప్రిల్ 2న 38 మంది అవశేషాలు స్వదేశం చేరాయి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదంతం లిబియాలో జరిగింది. 2015 జూలై చివర సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయ అధ్యాపకులు అపహరణకు గురయ్యారు. కర్ణాటకకు చెందిన ఇద్దరు రెండు మూడు రోజుల్లో బయటపడ్డారు. తెలుగువాళ్లయిన మిగతా ఇద్దరు 2016 సెప్టెంబర్‌లో ఏడాది పైచిలుకు చెర తర్వాత విడుదలయ్యారు.

ఈ రెండు ఉదంతాల్లోనూ వెతుకులాట ఫలించడానికి, మంచికో చెడుకో ఒక నిజం తేలడానికి, కారణం ఒకటే. ఎవరు తప్పిపోయారో మొదటి రోజు నుంచే కచ్చితంగా తెలుసు. మోసుల్‌లో కంపెనీ జాబితా ఉంది. సిర్తేలో విశ్వవిద్యాలయం రిజిస్టరు ఉంది. డీఎన్ఏ పరీక్షకైనా ముందు ఎవరి తల్లి రక్తంతో సరిపోల్చాలో చెప్పే పేరు కావాలి. పేరు లేని చోట శాస్త్రం కూడా ఏమీ చేయలేదు.

ఇక్కడే మన ఏర్పాట్లలో లోపం కనిపిస్తుంది. 2015 నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, ఫిర్యాదు ఇంటి నుంచే పెట్టవచ్చు. ఎమిగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో కూలీ ఒప్పందం నమోదవుతుంది. ఇవి నిజంగా ముందడుగులు. అయితే తప్పనిసరి నమోదు పది చదవనివాళ్లకు, అదీ నిర్ణీత దేశాలకు వెళ్లేవాళ్లకు మాత్రమే. పది పాసైనవాడు, ఆదాయపన్ను కట్టేవాడు, మూడేళ్లకు మించి విదేశంలో ఉండి వచ్చినవాడు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరం లేని వర్గంలోకి మారతాడు. కూలీ సేటుగా మారే క్రమంలో మన ప్రభుత్వపు రిజిస్టరు నుంచి జారిపోయేది సరిగ్గా ఈ దశలోనే. అవతలి దేశంలో అతని పేరు లైసెన్సు మీద ఉండదు, ఇవతలి దేశంలో నమోదులో ఉండదు.

చేయవలసింది కష్టమైన పని కాదు. పరదేశంలో వేరొకరి పేర వ్యాపారం నడిపే మనవాళ్లు అక్కడి రాయబార కార్యాలయంలో తమ పేరు, దుకాణం చిరునామా, కఫీల్ వివరం, ఇంటి దగ్గరి వాళ్ల ఫోను నమోదు చేసుకునేలా చూడాలి. ఆ సమాచారం అక్కడి అధికారుల చేతికి పోదన్న హామీ ప్రభుత్వం ఇవ్వాలి. ఆ హామీ లేకపోతే ఎవరూ ముందుకు రారు. జిల్లా స్థాయిలో, మనిషి వెళ్లిన రోజే కుటుంబం దగ్గర పాస్‌పోర్టు నకలు, అకామా నకలు, తోటివాళ్ల పేర్లు ఉండేలా గ్రామ పంచాయతీలు చూసుకోవచ్చు. 1990లో కువైట్‌లోని భారతీయులు చేతిరాతతో చేసిన పనిని శాంతికాలంలో ముందుగానే చేసి పెట్టుకోవడం ఇది. వలస ఆగదు, యుద్ధాలు మన మాట వినవు. తప్పిపోయిన మనిషిని అతని పేరుతో, ఊరితో, తల్లిదండ్రుల పేర్లతో వెతకగలిగేలా సిద్ధంగా ఉండడం మాత్రం మన చేతిలో పని. ఈ నేల నుంచి వెళ్లి సంపాదించి ఈ నేలకే పంపినవాడికి కనీసం అంత మనం బాకీ ఉన్నాం.